రెండు భాషల వీధిలో గ్రంథపాలకురాలు

సాహిత్య విమర్శలో మనం రచయిత గురించి మాట్లాడుకున్నాం, రచన గురించి మాట్లాడుకున్నాం, ఆలస్యంగానైనా పాఠకుడి గురించి కూడా మాట్లాడుకుంటున్నాం. రచనకూ పాఠకుడికీ మధ్య నిలబడే ఒక మనిషిని మాత్రం పట్టించుకోలేదు. ఆ మనిషి గ్రంథపాలకుడు. ఏ పుస్తకం కొనాలో, ఏది వాకిటి అల్మరాలో ఉండాలో, ఏది వెనకగదిలో చెదలకు ఆహారం కావాలో నిర్ణయించడంలో అతని చేయి ఉంటుంది. ఒకే భాష మాట్లాడే ఊళ్లో ఈ నిర్ణయాలు అభిరుచికి సంబంధించినవిగా పైకి కనిపిస్తాయి. రెండు భాషలు మాట్లాడే జనం ఉన్నచోట వాటి అసలు స్వరూపం బయటపడుతుంది. అక్కడ అల్మరాలో చోటు దొరకడమంటే సమాజంలో చోటు దొరకడమే.

ద్విభాషా సమాజానికి సేవ చేసే గ్రంథపాలక వృత్తి ఎట్లా నిర్మాణమవుతుందో, దానికి ఏ అడ్డంకులు వస్తాయో, సాహిత్యానికి దానివల్ల ఏం సమకూరుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు న్యూయార్క్ నగరంలో 1921 నుంచి పనిచేసిన పూరా బెల్‌ప్రే ఉద్యోగ జీవితాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో ఉద్యోగం పొందిన మొట్టమొదటి ప్యూర్టోరికన్ ఆమె. మన విద్యార్థులకు ఆమె పేరు దాదాపు తెలియదు. అయితే ఆమె ఎదుర్కొన్న సమస్య మాత్రం మనకు బాగా తెలిసిందే.

1. రెండు భాషలు, ఒక అధికారం

ద్విభాషా సమాజం అనగానే రెండు భాషలు పక్కపక్కనే హాయిగా కాపురం చేస్తున్నట్టు ఊహించుకోవడం పొరపాటు. ఆ రెండింటిలో ఒకటి కచేరీ భాష, పరీక్ష భాష, జీతం భాష. రెండోది వంటింటి భాష, జోలపాట భాష, తిట్టు భాష. ఈ అసమానత ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోకుండా గ్రంథాలయం గురించి మాట్లాడలేం.

ప్యూర్టోరికో కరేబియన్ సముద్రంలోని ద్వీపం. నాలుగు శతాబ్దాలు స్పెయిన్ ఏలుబడిలో ఉండి, 1898 యుద్ధంతో అమెరికా చేతికి వచ్చింది. 1917లో అక్కడి ప్రజలకు అమెరికా పౌరసత్వం ఇచ్చారు. పౌరసత్వం వచ్చింది గాని స్వపరిపాలన రాలేదు. బడుల్లో ఇంగ్లీషును బోధనాభాషగా రుద్దే ప్రయత్నం దశాబ్దాలపాటు రకరకాల రూపాల్లో సాగింది. స్పానిష్ మళ్లీ పూర్తిస్థాయి బోధనాభాష అయింది 1949లో. అంటే, ద్వీపం వదిలి న్యూయార్క్ వచ్చిన కుటుంబానికి ఇంగ్లీషు పెత్తనం కొత్తగా పరిచయమైంది కాదు. ఇంటి దగ్గర మొదలైన పెత్తనమే ఇక్కడ వీధి వీధినా ఎదురైంది.

1920 జనాభా లెక్కల నాటికి న్యూయార్క్‌లో ప్యూర్టోరికన్లు ఏడు వేల పైచిలుకు మాత్రమే. 1950కి సుమారు రెండున్నర లక్షలయ్యారు, 1960కి ఆరు లక్షలు దాటారు. చక్కెర తోటల్లో బతుకు గడవక, ద్వీపంలో పరిశ్రమల పేరుతో జరిగిన మార్పుల్లో పనులు దొరక్క, వీళ్లు దుస్తుల కర్మాగారాలకూ హోటళ్ల వంటశాలలకూ తరలివచ్చారు. బెల్‌ప్రే ఉద్యోగ జీవితం ఈ వలస చరిత్రతోపాటే నడిచింది. ఆమె ఉద్యోగంలో చేరేనాటికి పాఠకులు గుప్పెడు మంది. విరమించేనాటికి వాళ్లు ఒక మహానగరంలో మరో నగరం.

2. ఉద్యోగం ఎట్లా పుట్టింది?

బెల్‌ప్రే సీద్రా అనే చిన్న ఊళ్లో 1900కు కొంచెం అటూ ఇటూగా పుట్టింది. ఉపాధ్యాయురాలు కావాలని విశ్వవిద్యాలయంలో చేరింది. 1920లో తోబుట్టువు పెళ్లికని న్యూయార్క్ వచ్చి అక్కడే ఉండిపోయింది. కొంతకాలం దుస్తుల తయారీలో పనిచేసింది. 1921లో హార్లెం ప్రాంతంలోని 135వ వీధి శాఖా గ్రంథాలయంలో స్పానిష్ తెలిసిన సహాయకురాలిగా చేరింది.

ఈ చేరికను ఒక వ్యక్తి అదృష్టంగా చూస్తే విషయం అర్థం కాదు. ఆ శాఖ అధిపతి ఎర్నెస్టీన్ రోజ్ అప్పటికే ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టింది. గ్రంథాలయం చుట్టూ ఎవరు నివసిస్తున్నారో, లోపల పనిచేసేవాళ్లలో వాళ్ల మనుషులు కూడా ఉండాలన్నది ఆ పద్ధతి. 1920లో కేథరిన్ లాటిమర్ అనే నల్లజాతి గ్రంథపాలకురాలిని నియమించిందీ ఆ సంస్థే. నవలా రచయిత్రి నెల్లా లార్సెన్ కూడా ఆ శాఖలో పనిచేసింది. ప్యూర్టోరికోలో పుట్టిన నల్లజాతి గ్రంథ సంగ్రాహకుడు ఆర్తురో షోంబర్గ్ జీవితమంతా కూడబెట్టిన పుస్తకాలను 1926లో కార్నెగీ సంస్థ పదివేల డాలర్లకు కొని ఇచ్చింది కూడా ఈ శాఖకే. హార్లెం సాంస్కృతిక పునరుజ్జీవనం అని మనం చదువుకునే ఘట్టానికి ఒక చిరునామా అంటూ ఉంటే అది ఈ గ్రంథాలయ భవనం.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని గమనించాలి. వలస వచ్చినవాళ్లను అమెరికన్లుగా మార్చడం ఆనాటి ప్రజా గ్రంథాలయాలు ఒప్పుకున్న బాధ్యతల్లో ఒకటి. మాతృభాషలో నాలుగు పుస్తకాలు చూపించి పిలవడం, పిలిచాక ఇంగ్లీషు వైపు నడిపించడం ఆ కార్యక్రమంలో భాగం. ద్విభాషా ఉద్యోగిని పెట్టుకోవడం వెనక ఈ ఆలోచన కూడా ఉంది. సంస్థ ఆమెను ఒక నిచ్చెనగా నియమించింది. మాతృభాష కింది మెట్టు, ఇంగ్లీషు పైమెట్టు. బెల్‌ప్రే గొప్పతనం ఎక్కడుందంటే, ఇచ్చిన నిచ్చెనను అడ్డంగా పడుకోబెట్టి వంతెన చేసింది. అది ఎట్లా జరిగిందో చూద్దాం.

3. అల్మరాలో లేని కథ

1920ల మధ్యలో ఆమె ఆ గ్రంథాలయ సంస్థ నడిపే శిక్షణాలయంలో చేరింది. అక్కడ కథలు చెప్పడం కూడా ఒక పాఠ్యాంశం. మేరీ గూల్డ్ డేవిస్ అనే ఆవిడ ఆ తరగతి నడిపేది. పిల్లల విభాగంలో ప్రపంచ జానపద కథల అల్మరా ఉండేది. జర్మన్ కథలు, రష్యన్ కథలు, ఐర్లండ్ కథలు వరుసగా ఉన్నాయి. తన అవ్వ చెప్పిన కథలు ఒక్కటీ లేవు.

ఆ లేమి ఆమెను రచయిత్రిని చేసింది. మార్టినా అనే అందమైన బొద్దింక, పెరెస్ అనే ఎలుక ప్రేమించి పెళ్లాడిన కథ ప్యూర్టోరికో ఇళ్లలో పిల్లలందరికీ తెలిసినదే. పండుగ వంటకం వాసనకు ఆశపడి పెరెస్ కాగుతున్న పాత్రలో పడిపోతాడు. మార్టినా దుఃఖం మిగులుతుంది. మన ఏడు చేపల కథ లాగే ఇది నోటి మాటగా తరాలు దాటిన కథ. ఆమె దీన్ని తరగతిలో చెప్పింది.

అయితే సంస్థలో ఒక ఆనవాయితీ ఉంది. కథల గంటలో చెప్పే కథ అచ్చయిన పుస్తకంలోంచే తీసుకోవాలి. కథ విన్న పిల్లవాడు లేచి ఆ పుస్తకం అడగాలి, గ్రంథపాలకుడు అందించాలి. పైకి ఇది సబబైన నియమమే. కాని దీని ఫలితం ఏమిటి? అచ్చు భాగ్యం దక్కని జాతుల కథలు గ్రంథాలయంలో వినిపించడానికే వీల్లేదు. అచ్చు కాలేదు కాబట్టి చెప్పకూడదు. చెప్పలేదు కాబట్టి ఎవరూ అడగరు. అడగరు కాబట్టి అచ్చు కావు. తటస్థంగా కనిపించే నియమం ఒక వర్గానికి గోడ అవుతుందని చెప్పడానికి ఇంతకన్నా చక్కటి ఉదాహరణ దొరకదు. బెల్‌ప్రేకు అచ్చుకాని తన కథలు చెప్పుకోవడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. గోడలో మొదటి ఇటుక కదిలింది అక్కడే.

అనుమతితో ఆమె ఆగలేదు. ఆ కథ 1932లో ‘పెరెస్ అండ్ మార్టినా’ పేరుతో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. 1940లలో ‘ద టైగర్ అండ్ ద రాబిట్’ అనే కథల సంపుటి వెలువడింది. అంటే నియమం కోరిన అచ్చు పుస్తకాన్ని ఆమే తయారుచేసి ఆ అల్మరాలో పెట్టింది. ఇకమీదట చెప్పేవాళ్లకు అనుమతి అక్కర్లేదు.

ఈ రచనలకు పరిమితులు లేకపోలేదు. ఆమె జానపద కథను మర్యాదస్తుల ఇంటి పలుకుబడిలోకి తెచ్చిందనీ, చెరకు తోటల కూలీ జీవితపు గరుకుదనం అందులో తక్కువనీ అనవచ్చు. ఇంటి భాషలో పుట్టిన కథ మొదట ఏలేవాళ్ల భాషలో అచ్చు కావడం కూడా ఆలోచించవలసిన విషయమే. కాని ఆ పరిమితి ఆమె ఒక్కదానిది కాదు, ఆనాటి ప్రచురణ వ్యవస్థది. స్పానిష్‌లో పిల్లల పుస్తకం వేసే పెద్ద ప్రచురణ సంస్థ న్యూయార్క్‌లో ఆమెకు ఎక్కడ దొరుకుతుంది? దొరికిన భాషలో అచ్చు వేసి, పోగొట్టుకోకూడని భాషలో నోటితో చెప్పింది.

4. రోజువారీ పని

1929లో ఆమెను 115వ వీధి శాఖకు మార్చారు. ప్యూర్టోరికన్ కుటుంబాలు ఆ చుట్టుపక్కల పెరుగుతున్నాయి. వృత్తి అంటే ఏమిటో తెలుసుకోవలసింది ఈ దశలోనే.

మొదటి పని, నడవడం. పాఠకుడు గ్రంథాలయానికి రాలేదంటే గ్రంథాలయమే వెళ్లాలి. ఆమె బడులకూ చర్చిలకూ సంఘాలకూ ఇళ్లకూ వెళ్లింది. ఆ భవనం ఇంగ్లీషు వచ్చినవాళ్లకు మాత్రమే అనుకునే తల్లులకు, మీ మాట తెలిసిన మనిషి లోపల ఉంది అని చెప్పింది. ఈ ఒక్క కబురు ఎన్ని ప్రకటనలకైనా సాటి.

రెండో పని, కొనుగోలు. స్పానిష్ పుస్తకాలు తెప్పించడం, అందులోనూ జనం నిజంగా చదివేవి తెప్పించడం. ఇది సులువు కాదు. ద్విభాషా విభాగమంటే పెద్ద భాషలోని ఉపదేశ గ్రంథాలకు పేలవమైన అనువాదాలు నింపడం ఎక్కడైనా జరిగేదే. పాఠకుడికి కావలసింది తన భాషలో పుట్టిన సాహిత్యం.

మూడో పని, రెండు భాషల్లో కథల గంట. ఒకే కథను ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ చెప్పడం అప్పటికి ఆ సంస్థలో కొత్త. దీని పనితీరు గమనించండి. ఇంగ్లీషు బడిలో నోరు మెదపని పిల్ల, తన ఇంటి కథను తన భాషలో ముందు వింటుంది. అదే కథ ఇంగ్లీషులో వచ్చేసరికి ఏం జరగబోతోందో ఆమెకు తెలుసు. తెలిసిన అర్థాన్ని పట్టుకుని తెలియని మాటల్లోకి నడుస్తుంది. పక్కనే కూర్చున్న ఇంగ్లీషు పిల్లవాడికి, ఈ పిల్లకు తనకు తెలియనిది ఒకటి తెలుసునన్న గ్రహింపు కలుగుతుంది. ఒక అరగంటలో తరగతి గది వరస తలకిందులవుతుంది. ఇంగ్లీషు నేర్చుకోవడానికి మాతృభాష అడ్డం కాదని చెప్పే సిద్ధాంతాలు పుస్తకాలకెక్కక ముందే ఆమె దాన్ని ఆచరణలో చూపింది.

నాలుగో పని, పండుగ. జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండుగను ఆమె గ్రంథాలయంలో జరిపించింది. పాటలు, నాటికలు, ఊరేగింపు, తరవాతి కాలంలో స్వయంగా చేసిన తోలుబొమ్మలాంటి బొమ్మలతో ఆటలు. మెక్సికో చిత్రకారుడు డియేగో రివెరా వంటివాళ్లు కూడా ఆ శాఖకు వచ్చారు. మతపరమైన పండుగకు ప్రజా గ్రంథాలయంలో చోటేమిటని అభ్యుదయవాదులుగా మనకు అనిపించవచ్చు. కాని చలికాలపు పరాయి నగరంలో కూలికుటుంబాలన్నీ ఒకచోట చేరడానికి వాళ్లకున్న రూపం అదొక్కటే. రూపం పాతదే, దానిలో జరిగిన పని మాత్రం కొత్తది. ఆ రోజు వచ్చిన తల్లి మర్నాడు పుస్తకం తీసుకెళ్లడానికి వస్తుంది.

5. పదవి, విరామం, పునరాగమనం

వృత్తి నిర్మాణం అన్నప్పుడు పనినే కాక పదవినీ చూడాలి. ద్విభాషా ఉద్యోగికి ప్రతిచోటా ఒక ప్రమాదం ఉంది. ఆమె భాషాజ్ఞానాన్ని సంస్థ ఒక సహజ గుణంగా లెక్కగడుతుంది, నైపుణ్యంగా లెక్కగట్టదు. నీకు ఎలాగూ వచ్చిన భాషే కదా అంటారు. దుబాసీ పని, ఇంటింటి తిరుగుడు, దరఖాస్తులు నింపిపెట్టడం అన్నీ ఆమె మీదే పడతాయి. పదోన్నతి వచ్చినప్పుడు మాత్రం ఆ పనులు లెక్కలోకి రావు.

బెల్‌ప్రే 1940లో అమెరికా గ్రంథాలయ సంఘం సమావేశంలో స్పానిష్ మాట్లాడే సమాజంతో తన పని గురించి పత్రం సమర్పించింది. ఇది చిన్న విషయం కాదు. చేసిన పనిని రాసి, సహోద్యోగుల ముందు పెట్టి, ఇది ఒక పద్ధతి అని నిరూపించినప్పుడే వ్యక్తి ఓపిక వృత్తి జ్ఞానంగా మారుతుంది. ఆ సమావేశాల సందర్భంలోనే నల్లజాతి సంగీతకారుడు క్లారెన్స్ కామెరాన్ వైట్‌తో ఆమెకు పరిచయమైంది. 1943లో పెళ్లయింది. భర్తతో కచేరీలకు తిరగడానికీ, రాసుకోవడానికీ ఆమె ఉద్యోగం వదిలేసింది.

1960లో వైట్ మరణించాక ఆమె మళ్లీ గ్రంథాలయానికి వచ్చింది. ఈసారి పదవి పేరు స్పానిష్ బాలసాహిత్య నిపుణురాలు. సహాయకురాలిగా మొదలైన మనిషి నిపుణురాలు కావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. మధ్యలో ఆమె లేని పదిహేడేళ్లలోనే వలస ఉప్పెనలా వచ్చింది. ఆ ఒత్తిడి లేకపోతే ఆ పదవి పుట్టేదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న. సంస్థలు ఉదారబుద్ధితో పదవులు సృష్టించవు. జనసంఖ్య, ఉద్యమాలు, ఒత్తిడి కలిసి సృష్టింపజేస్తాయి. 1960లు పౌరహక్కుల పోరాటాల కాలమని మరిచిపోకూడదు. 1968లో విరమించాక కూడా సౌత్ బ్రాంక్స్ గ్రంథాలయ ప్రణాళికలో బొమ్మలాటలతో, కథలతో పేటపేటా తిరిగింది. 1982 జూలై 1న మరణించింది.

వ్యక్తి చేసిన పని సంస్థగా నిలబడితేనే వృత్తి అంటాం. 1971లో ఆర్నుల్ఫో త్రెహో చొరవతో స్పానిష్ మాట్లాడేవాళ్లకు గ్రంథాలయ సేవలు పెంచే ‘రిఫార్మా’ సంఘం ఏర్పడింది. 1996 నుంచి లాటినో బాలసాహిత్యానికి బెల్‌ప్రే పేరిట పురస్కారం ఇస్తున్నారు. ఒకనాడు అల్మరాలో ఒక్క పుస్తకమూ లేని జాతికి ఇవాళ ఏటేటా ఎంపిక చేసుకునేన్ని పుస్తకాలున్నాయి. ఇది ఒక్క మనిషి విజయం కాదు. కాని ఒక మనిషి మొదలుపెట్టకపోతే జరిగేదీ కాదు.

6. మన అల్మరాల సంగతి

ఈ కథ మనకెందుకు? మన గ్రంథాలయోద్యమం పుట్టిందే భాషా అసమానతలోంచి కాబట్టి. హైదరాబాదు సంస్థానంలో జనాభాలో దాదాపు సగం మంది తెలుగువాళ్లయినా పాలనాభాష, ఉన్నత విద్యాభాష ఉర్దూ. ఆ స్థితిలో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. వాటి పేర్లలోనే వాటి లక్ష్యం ఉంది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాల మూట మోసుకుని ఊరూరా తిరిగాడు. పాఠకుడు రాకపోతే పుస్తకమే వెళ్లాలన్న సూత్రం ఆయనకు ఏ శిక్షణాలయమూ నేర్పలేదు. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుణ్ణి వెతికిపెట్టాలని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో సూత్రీకరించిన ధర్మాన్ని ఆళ్వారుస్వామి కాళ్లతో అమలుచేశాడు.

అణగిన భాష తరఫున పుట్టిన ఉద్యమం, ఆ భాషకు అధికారం వచ్చాక ఏం చేస్తుంది? అసలు పరీక్ష ఇదే. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఆస్తిపన్ను మీద వేసే సెస్సుతో గ్రంథాలయాలు నడపాలన్నారు. చట్టం ఉంది, సెస్సు ఉంది. వసూలైన సెస్సు సకాలంలో జమకాదన్న ఫిర్యాదు ఉంది. శాఖల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటమూ కొత్త సంగతి కాదు. వీటికి మించిన ప్రశ్న ఒకటుంది. ఆదిలాబాదు గోండు పిల్లకు, అరకు దగ్గరి కువి పిల్లవాడికి, శ్రీకాకుళం కొండల్లోని సవర పిల్లకు మన శాఖా గ్రంథాలయంలో ఏముంది? ఆ పిల్లలకు తెలుగే పరీక్ష భాష, కచేరీ భాష. న్యూయార్క్‌లో ఇంగ్లీషు ఏ స్థానంలో ఉందో అక్కడ మన తెలుగు ఆ స్థానంలో ఉంది. ఈ మాట చేదుగా ఉంటుంది, అయినా అనక తప్పదు.

దీనికి మనలోనే పూర్వాదర్శం ఉంది. గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాషోద్యమానికి ముందే సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడులు పెట్టారు, వాచకాలు రాశారు. 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథం, 1938లో సవర నిఘంటువు వచ్చాయి. మనం ఆయన్ని వాడుక భాష కోసం స్మరిస్తాం, సవర కోసం చేసిన కృషిని ఒక వాక్యంతో దాటవేస్తాం. ఆ రెండూ ఒకే సూత్రానికి రెండు ముఖాలు: చదువు, నోట్లో ఉన్న భాషతో మొదలుకావాలి. 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు వాచకాలు తయారయ్యాయి. వాచకం బడి సంచిలోది. సరదాగా చదువుకునే కథల పుస్తకం ఏది? అది చెప్పే గ్రంథపాలకుడేడి?

సరిహద్దులు దాటితే మనవాళ్లదే రెండో పక్షం. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష. తమిళనాడులో 2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి చేశాక హోసూరు తెలుగువాళ్లు పడిన ఆందోళన మనకు తెలుసు. తమిళం నేర్చుకోవడం ఆ పిల్లలకు అవసరమే. దానికోసం తెలుగు వదులుకోనక్కర్లేదన్నదే వాళ్ల వాదం. అక్కడ మనం కోరే న్యాయాన్ని ఇక్కడ గోండు పిల్లకు ఇవ్వలేకపోతే మన కోరికకు నైతిక బలం ఉండదు.

7. కర్తవ్యం

ఈ వృత్తిలోకి రాదలచిన విద్యార్థులకు బెల్‌ప్రే జీవితం నుంచి నాలుగు మాటలు తేలుతున్నాయి. భాష తెలిసి ఉండటం ప్రవేశం మాత్రమే. గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ పొంది ఆ భాషా జ్ఞానాన్ని నైపుణ్యంగా గుర్తింపజేసుకోవాలి. పేటలో తిరగాలి. అల్మరాలో ఏది లేదో రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే లేని పుస్తకాల జాబితా ఉన్న పుస్తకాల జాబితా కన్నా ఎక్కువ చెబుతుంది. చేసిన పనిని పత్రాలుగా రాసి, సంఘంగా ఏర్పడి, పదవులు అడిగి సాధించుకోవాలి. ఒంటరి సేవాభావం మీద నడిచే పని ఆ మనిషితోనే అంతరిస్తుంది.

రచయితలకు ఒక మాట. గోండు, కోయ, సవర కథలను మనం సేకరించి తెలుగులో అచ్చు వేయడం మంచిదే. కాని అక్కడితో ఆగితే వాళ్ల సంపద మన అల్మరా చేరిందే గాని, వాళ్ల పిల్లల చేతికి చేరలేదు. ఆ భాషలోనే తెలుగు లిపిలోనో వాళ్ల లిపిలోనో పక్కపక్క పేజీల్లో రెండు భాషలతో పుస్తకాలు రావాలి. వాటిని చెప్పగలిగిన ఆ భాషా యువతీయువకులే శాఖా గ్రంథాలయాల్లో ఉద్యోగులు కావాలి. ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థా ఇందుకు తన కొనుగోలు నిధిలో కొంత కేటాయించాలని రచయితల సంఘాలు అడగాలి. పుస్తకాలు ఎంపిక చేసే సంఘాల్లో మన రచయితలు కూర్చున్నప్పుడు మన పుస్తకాలు ఎన్ని కొన్నారన్న లెక్కతోబాటు, ఆ జిల్లాలో మాట్లాడే భాషలెన్ని, కొన్న పుస్తకాల భాషలెన్ని అన్న లెక్క కూడా తీయాలి.